సర్వీసు మట్టి

నా ఒంటి మీది మట్టి ప్రభుత్వానిదని నాకెవరూ ముందు చెప్పలేదు. చెప్పి ఉంటే దాన్ని సియోల్‌లో అలా వదిలేసి వచ్చేవాణ్ణి కాదు. తక్కువలో తక్కువ ఒక అనుమతి పత్రమైనా జేబులో పెట్టుకుని వెళ్లేవాణ్ణి.

నా పేరు కామేశం. కాకినాడలో ప్రజా పరిశుభ్రతా ప్రబోధ మండలిలో సీనియర్ అసిస్టెంటుని. చేతులు కడుక్కోండి, రోజూ స్నానం చెయ్యండి అని జనానికి చెప్పడం మా మండలి పని. గోడల మీద రాయిస్తాం, బళ్లలో పాటలు పాడిస్తాం, ఏటా సబ్బుల ఊరేగింపు తీస్తాం. మా ఆఫీసులో చేతులు కడుక్కునే కుళాయి మాత్రం చాలాకాలంగా మరమ్మతులో ఉంది. ఆ విషయం పై అధికారుల పరిశీలనలో ఉంది కాబట్టి నేను మాట్లాడకూడదు.

రిటైర్మెంటు దగ్గరపడుతుండగా సూపరింటెండెంటు పోస్టు ఒకటి ఖాళీ అయింది. సీనియారిటీ ప్రకారం అది నాది. ఈసారి జాబితాలో పేరు రాకపోతే ఇక ఈ జన్మకి రాదు, సీనియర్ అసిస్టెంటుగానే దండ వేయించుకుని ఇంటికి పోవాలి. మా ఆవిడ హైమావతి ఈ సంగతి అప్పుడే కాలనీ అంతా చాటేసింది. గ్యాస్ బుక్ చేసేటప్పుడు కూడా "సూపరింటెండెంటు గారి ఇంటి నుంచండీ" అనడం నా చెవిన పడింది.

హైమకి కొరియా సీరియళ్ల పిచ్చి. వాటిలో తల్లి పోయినా, ఉద్యోగం ఊడినా, ప్రేమించినవాడు గతం మర్చిపోయినా, ఆఖరికి అందరూ ఒక పెద్ద స్నానశాలకి పోయి, తలకి తువ్వాళ్లు చుట్టుకుని ఉడకబెట్టిన గుడ్లు తింటారట. ఆ తువ్వాలు తనూ ఒక్కసారి చుట్టుకోవాలంది. ప్రమోషన్ వచ్చాక సెలవు దొరకదు కాబట్టి ముందే వెళ్లొద్దామంది. వంటవాణ్ణి వెంటబెట్టుకుని తిప్పే తెలుగు టూరు ఒకటి దొరికితే, ఆవకాయ సీసాలు సర్దుకుని బయల్దేరాం.

స్నానశాలలో ఆడవాళ్ల వైపు తను, మగవాళ్ల వైపు నేను. లోపల అడుగుపెట్టగానే తెలిసింది, అక్కడ గుడ్డ అనేది తల తుడుచుకోవడానికే తప్ప మరి దేనికీ కాదని. ముసలివాళ్లు, పడుచువాళ్లు, తండ్రులు, కొడుకులు అందరూ పుట్టినప్పటి వేషంలో, టీకొట్టు దగ్గర నిలబడ్డట్టు తీరిగ్గా కబుర్లాడుకుంటున్నారు. నాకిచ్చిన తువ్వాలు జేబురుమాలు కంటే కాస్త పెద్దది. దాన్ని ముందు పట్టుకోవాలో వెనక పట్టుకోవాలో తేలక గోడకి ఆనుకుని నడిచాను. నన్ను మినప్పప్పు నానబోసినట్టు ఒక వేడినీళ్ల తొట్టిలో నానబెట్టారు.

నానాక, నల్ల నిక్కరు వేసుకున్న భారీ మనిషి ఒకాయన వచ్చి, వేలితో పిలిచి రెక్సిన్ బల్ల మీద పడుకోమన్నాడు. నా మొలతాడు చూసి ఆగాడు. రెండు వేళ్లు కత్తెరలా ఆడించి చూపించాడు. మొలతాడు తెంపేది మనిషి పోయాకేనని తెలుగులో చెప్పాను, ఇంగ్లీషులో చెప్పాను. లాభం లేక కళ్లు మూసి, నాలుక బయటపెట్టి, చచ్చినట్టు నటించి చూపించాను. అతను గాభరాపడి నా నాడి చూశాడు. తర్వాత ఏదో అర్థమైనట్టు తలూపి, మొలతాడు జోలికి పోకుండా పని మొదలుపెట్టాడు.

చేతికి ఆకుపచ్చని గరుకు తొడుగు వేసుకుని రుద్దాడు. నేను మొదట అరిచాను. కాసేపటికి అరవడం మర్చిపోయాను. ఒంటి మీద ఒక్కటి చరిస్తే బోర్లా తిరగాలి, రెండు చరిస్తే పక్కకి తిరగాలి. బూడిదరంగు సేమ్యాలాగా మట్టి ఊడి వస్తోంది. అతను దాన్ని గుప్పెట పట్టి నాకు చూపించాడు. పక్క బల్ల దగ్గర పనిచేస్తున్నతన్ని పిలిచి చూపించాడు. అతను ఎంతో గౌరవంగా నోటితో ఒక శబ్దం చేశాడు. అంత మట్టి వాళ్లు తమ వృత్తిలో చూసి ఉండరని నాకు అనిపించింది, కొంచెం గర్వంగా కూడా ఉంది.

ఆఖరున బిందెతో నీళ్లు కుమ్మరించి లేపాడు. నేను లేచానో తేలానో చెప్పలేను. చిన్నప్పుడు పండగపూట మా అమ్మ నలుగు పెడుతుంటే ఏడ్చేవాణ్ణి, అయిపోయాక వీధిలో గెంతేవాణ్ణి. ఆ ఒళ్లు మళ్లీ దొరికింది. చెప్పలేనంత సంతోషం వేసింది. బయట హైమ తలకి తువ్వాలు చుట్టుకుని, కొత్త మామిడిచిగురు రంగులో మెరిసిపోతూ గుడ్డు తింటోంది. ఒకరినొకరు చూసుకుని, ఎందుకో తెలియకుండా, పొట్ట నొప్పెట్టేదాకా నవ్వుకున్నాం. ఆ ఊపులోనే హైమ ఆకుపచ్చ తొడుగులు ఒక సంచీడు కొంది. ఊరెళ్లాక అందరికీ ఏదో ఒకటి ఇవ్వాలి కదా.

తిరిగొచ్చాక ఆఫీసులో తలా ఒక తొడుగు పంచాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ మా డైరెక్టరు విశ్వపతి గారు విదేశీ అనుభవాల విస్తరణ సభ అని ఒకటి పెట్టారు. బయటి దేశం చూసొచ్చిన ఉద్యోగి ఎవరైనా సరే, సోమవారం ఉదయం అందరి ముందు నిలబడి తన అనుభవాన్ని మండలికి ధారపోయాలి. అందరూ రోడ్లు శుభ్రంగా ఉన్నాయి, జనం క్రమశిక్షణగా ఉన్నారు, మనం నేర్చుకోవలసింది చాలా ఉంది అని చెప్పి కూర్చుంటారు. సింగపూరు వెళ్లినా అదే, శ్రీలంక వెళ్లినా అదే. నాకు ఒంట్లో హాయి ఇంకా దిగలేదు. దాంతో నోరు జారింది.

"సర్వీసులో చేరినప్పటి నుంచీ పేరుకున్న మట్టంతా ఊడ్చి పారేశాడు సార్" అన్నాను.

అందరూ నవ్వారు. మా పరిపాలనాధికారి భద్రయ్య గారు నవ్వలేదు. ఆయన నవ్వేముందు కూడా నిబంధన చూస్తారు.

"కామేశం గారూ, చిన్న సందేహ నివృత్తి. సర్వీసులో చేరినప్పటి నుంచి అన్నారు. అంతకు పూర్వపు మట్టి ఇందులో చేరి లేదు కదా?" అన్నారు.

"లేదండీ. చేరేదాకా మా అమ్మే రుద్దేది."

"అనగా ఇది సర్వీసు కాలంలో సంక్రమించినది."

"అంతేనండీ."

"విధి నిర్వహణలో."

"మరి అన్నేళ్లూ ఆ రికార్డు గదిలోనే కదండీ కూర్చున్నది."

భద్రయ్య గారు డైరెక్టరు గారి వైపు చూశారు. డైరెక్టరు గారు కళ్లు మూసుకున్నారు. ఆయన కళ్లు మూసుకుంటే ఎక్కడో ఒక నియమం పుడుతోందని మా అందరికీ తెలుసు. టీ రాకుండానే సభ ముగిసింది.

మధ్యాహ్నానికి నా చేతికి మెమో వచ్చింది. విధి నిర్వహణలో ఉద్యోగికి సంక్రమించు సమస్తము మండలి ఆస్తిగా పరిగణించబడుననియు, అట్టి ఆస్తిని ముందస్తు అనుమతి లేక విదేశీ భూభాగమునందు త్యజించుట తీవ్రమైన విషయమనియు, తక్షణమే విచారణకు హాజరు కావలెననియు అందులో ఉంది. చదివినకొద్దీ నాకే నా మీద కోపం వచ్చింది, అంత బాగా రాశారు.

విచారణలో డైరెక్టరు గారు, భద్రయ్య గారు ఒకవైపు. నేనూ, నా శుభ్రమైన ఒళ్లూ రెండోవైపు.

"ప్రస్తుతం ఆ మట్టి ఎక్కడ ఉన్నది?" అన్నారు భద్రయ్య గారు.

"నీళ్లు కుమ్మరించాడు కదండీ. కాలవలో పోయి ఉంటుంది."

"ఏ దేశపు కాలవ?"

"కొరియాదేనండీ."

"ఉత్తరమా, దక్షిణమా?"

"దక్షిణమండీ."

"అది మీకు అనుకూలించే అంశం" అని రాసుకున్నారు.

అప్పుడు డైరెక్టరు గారు కళ్లు తెరిచారు. మంచి మనిషి, గొంతు ఎప్పుడూ పెంచరు. "కామేశం గారూ, బాధపడకుండా ఆలోచించండి. సర్వీసు అంటే ఏమిటి? జీతం తీసుకున్నారు, అది ఖర్చయిపోయింది. పని చేశారు, దాని ఆనవాళ్లు మాకు ఎక్కడా కనబడలేదు. ఇన్నేళ్ల సర్వీసు మీ దగ్గర మిగిల్చినది ఏమిటో నిండు సభలో మీరే సెలవిచ్చారు. అది ఇప్పుడు లేదు. ఇక సర్వీసు ఉన్నదని నేను ఏ ముఖంతో సంతకం పెట్టేది?"

నా కాళ్ల కింద నేల కదిలింది. ఏదో ఒకటి పట్టుకోవాలి కాబట్టి మొలతాడు పట్టుకున్నాను. "పూర్తిగా పోలేదు సార్. మొలతాడు తియ్యనివ్వలేదు నేను. దాని కింద చుట్టూతా అలాగే ఉండిపోయింది" అన్నాను.

ఇద్దరూ ఆలోచనలో పడ్డారు. నన్ను తెర వెనక్కి తీసుకెళ్లి, మొలతాడు కాస్త పైకి జరిపి, భూతద్దం పెట్టి చూశారు. నడుము చుట్టూ నూలుపోగంత గీత. భద్రయ్య గారు టార్చిలైటు కూడా తెప్పించారు. బయటికి వచ్చాక వాళ్లు ఇచ్చిన తీర్పు ఇది: సదరు శేషము పింఛనుకు చాలును, పదోన్నతికి చాలదు.

అలా నేను మళ్లీ కొత్తగా చేరినవాణ్ణయ్యాను. నా కుర్చీ తీసేసి రికార్డు గది పక్కన స్టూలు వేశారు. నాకు పని నేర్పే బాధ్యత పైడిరాజుకి అప్పగించారు. అతనికి ఫైలుకి ట్యాగు కట్టడం నేర్పింది నేనే. ఇప్పుడు జాబితాలో నా తర్వాత పేరు అతనిదే కాబట్టి సూపరింటెండెంటు పోస్టూ అతనికే పోతుంది.

"గురువుగారూ, మీకు ట్యాగు కట్టడం నేర్పమన్నారండి" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"నేర్పు నాయనా. కానీ ముడి కొంచెం బిగించు, నీకు మొదటి నుంచీ ముడి వదులు" అన్నాను.

ఇంటికెళ్లి చెబితే హైమ మంచం మీద కూలబడింది. "సూపరింటెండెంటు అని ఊరంతా చెప్పేశానండీ. ఇప్పుడు ఈ వయసులో మా ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరారని స్వీట్లు పంచమంటారా?" అంది. కాసేపటికి తేరుకుని తనే ఉపాయం చెప్పింది. "పోయింది మట్టే కదా. మళ్లీ పట్టించండి. ఆ రికార్డు గది ఎక్కడికి పోయింది?"

మర్నాడు రికార్డు గదిలో చొక్కా విప్పి, పాత కట్టల మధ్య అటూ ఇటూ పొర్లుతూ భద్రయ్య గారికి దొరికిపోయాను. ఆయన కోప్పడలేదు. "కొత్త మట్టికి కొత్త తేదీయే వర్తిస్తుందండీ. వెనకటి తేదీతో మట్టి అనుమతించబడదు. అలా అనుమతిస్తే రేపు ప్రతివాడూ పొర్లుతాడు" అని ఎంతో ఓపికగా వివరించారు. నేను చొక్కా తొడుక్కుని స్టూలు మీదికి పోయాను.

ఈ మాట ఆఫీసంతా పాకింది. మట్టే సీనియారిటీ అయినప్పుడు బుద్ధున్నవాడు ఎవడైనా ఏం చేస్తాడు? స్నానం మానేస్తాడు. మొదట పైడిరాజు మానేశాడు, ప్రమోషన్ చేతికి అందేదాకా ప్రమాదం ఎందుకని. అతన్ని చూసి అతని కిందవాళ్లు, వాళ్లని చూసి టైపిస్టులు మానేశారు. నేను పంచిన ఆకుపచ్చ తొడుగుల్ని సర్వీసు విధ్వంసక పరికరాలని పేరు పెట్టి స్వాధీనం చేసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. జాబితా ఖరారయ్యే రోజున ఒక్కొక్కరి ముంజేతి మీద ఆ తొడుగుతో కాస్త రుద్ది, ఎంత రాలితే అంత సర్వీసుగా లెక్క కడతారని ఉత్తర్వు వచ్చింది.

ఇక చూడాలి. వాన పడితే ఒక్కరూ గడప దాటరు. తడిసిన మేరకు సర్వీసులో అంతరాయంగా భావించబడునని భద్రయ్య గారు వివరణ ఇచ్చారు. చెమట పట్టడాన్ని అనధికారిక క్షయం అన్నారు, అందుకని ఫ్యాను కింద స్థలం కోసం పెద్దవాళ్లు చిన్నపిల్లల్లా తగువులాడుకున్నారు. బళ్లకి వెళ్లి చేతులు కడుక్కోవడం నేర్పే మా ప్రచారకులు నీళ్లు లేకుండా, సబ్బు లేకుండా, గాలిలోనే చేతులు తిప్పి చూపించి వచ్చేవారు. ఆ ఏడు సబ్బుల ఊరేగింపులో సబ్బుల్ని కాగితం విప్పకుండా, పైన లక్క సీలు వేసి, పోలీసు కాపలాతో తిప్పారు. జనం దణ్ణం పెట్టారు.

పోయిన సర్వీసు రాదని తెలిసినా కొత్తదైనా కూడబెట్టుకోవాలి కదా, నేనూ స్నానం మానేశాను. సియోల్‌లో ఆ బల్ల మీది నుంచి లేచిన ఒళ్లు ఇదేనా అని పొద్దున్నే ఏడుపు వచ్చేది. హైమ నాకు అన్నం వీధి అరుగు మీద పెట్టడం మొదలుపెట్టింది.

ఈ పరిస్థితుల్లో మా మండలికి పరిశుభ్రతలో రాష్ట్రస్థాయి పురస్కారం వచ్చింది. దాన్ని స్వయంగా అందించడానికి రాజధాని నుంచి కార్యదర్శి గారు వస్తున్నారని కబురు. ఆవిడ మాట కరుకని ప్రతీతి. డైరెక్టరు గారు గోడలకి సున్నం వేయించారు, గుమ్మానికి అరటిబోదెలు కట్టించారు. భద్రయ్య గారు నా దగ్గరికి వచ్చి, "కొత్తగా చేరినవాళ్లు కార్యదర్శి గారి కంట పడటం మర్యాద కాదండీ" అని నన్ను రికార్డు గదిలో పెట్టి బయట గడియ వేశారు. కిటికీ రెక్క సందులోంచి చూస్తూ నిలబడ్డాను.

కారు వచ్చింది. అందరూ పూలదండలతో బారులు తీరి నిలబడ్డారు. కార్యదర్శి గారు దిగి, చిరునవ్వుతో ముందుకి వచ్చి, ఉన్నట్టుండి ఆగారు. గాలి అటు నుంచి ఇటు తిరిగింది. ఆవిడ వెనక్కి నడిచి, కారెక్కి, అద్దాలు పైకెత్తించుకుని ఎవరికో ఫోన్ చేశారు. కాసేపటికి అగ్నిమాపక వాహనం గంట కొట్టుకుంటూ లోపలికి వచ్చింది.

"నా కళ్ల ముందు ఒక్కొక్కరూ మనిషి రూపంలోకి వచ్చేదాకా నేను కదలను" అన్నారావిడ, అద్దం వేలెడు దించి.

ఆడవాళ్లని స్నానానికి వెనకనున్న అతిథి గృహంలోకి పంపారు. మగవాళ్లని బనీన్లతో వాకిట్లో నిలబెట్టి గొట్టం తిప్పారు. నీళ్లకి ఆ మట్టి కదల్లేదు. రుద్దడానికి ఏమైనా ఉందా అని ఆవిడ అడిగితే, అబద్ధం చెప్పడం చేతకాని డైరెక్టరు గారు బీరువా తెరిపించి ఆకుపచ్చ తొడుగులు బయటికి తెప్పించారు. డైరెక్టరు గారి వీపు భద్రయ్య గారు రుద్దారు, భద్రయ్య గారి వీపు పైడిరాజు రుద్దాడు. మొదట అందరూ లబోదిబోమన్నారు. ఆ తర్వాత అరుపులు తగ్గాయి. తర్వాత ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకాసేపటికి భద్రయ్య గారు, నేనెన్నడూ పళ్లు చూడని భద్రయ్య గారు, గొట్టం లాక్కుని డైరెక్టరు గారి మీదికి చిమ్మి వాకిలంతా పరిగెత్తారు. బూడిదరంగు నీళ్లు ధారగా గేటు దాటి రోడ్డెక్కాయి. రికార్డు గదిలో ఉన్న నన్ను మాత్రం చీకటిపడి గడియ తీసేదాకా ఎవరూ తలుచుకోలేదు.

మర్నాడు సభ జరిగింది. డైరెక్టరు గారి మొహం పసిపిల్లవాడి మొహంలా ఉంది. అయినా నియమం విషయంలో ఆయన ఎవరినీ వదలరు, తనని కూడా. "నిన్న సాయంత్రంతో మన అందరి సర్వీసూ సమసిపోయినది. ఈ వాకిట్లో ఉన్న ప్రతి ఒక్కరూ నిన్న కొత్తగా చేరినవారే. కామేశం గారు మాత్రం మళ్లీ కొత్తగా చేరిన నాటి నుంచి నేటి వరకు నిరంతరాయంగా, ఒక్క చుక్క నీరు తగలకుండా సర్వీసులో కొనసాగుతున్నారు. మండలిలో అందరికంటే సీనియర్ వారే" అన్నారు.

అని తన గది తాళం నా ముందు పెట్టి, వెళ్లి నా స్టూలు మీద కూర్చున్నారు. సూపరింటెండెంటు పోస్టు కోసం ఏడ్చినవాణ్ణి, సూపరింటెండెంటుని దాటి, పరిపాలనాధికారిని దాటి, ఏకంగా డైరెక్టరు కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీలోంచి ఆ నియమాన్ని మొదటి నుంచి చివరిదాకా మళ్లీ ఆలోచించి చూశాను. తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు.

ఇంటికి వెళ్లేసరికి హైమ పొయ్యి మీద నీళ్లు మరగబెట్టి, సున్నిపిండి కలిపి ఉంచింది. "పోస్టు వచ్చేసింది కదండీ. ఇక రండి, తలంటి పోస్తాను" అంది.

"ఇప్పుడెలా హైమా? ఒక్క చెంబు పోసుకున్నానంటే రేపు నేనూ పైడిరాజూ ఒకటే" అన్నాను.

హైమ సున్నిపిండి గిన్నె తన వైపు లాక్కుంది. "మా ఆయన డైరెక్టరు అని ఊరంతా చెబుతానండీ. మీ పక్కన కూర్చుని మాత్రం చెప్పను" అని ఆ నీళ్లు తనే పోసుకుంది. కాసేపటికి గదిలోంచి కూనిరాగం కూడా వినిపించింది.

ఈ రోజు నా గదిలో కూర్చుని ఉన్నాను. కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి. తీసింది భద్రయ్య గారు. ఫైళ్లు ఆయనే తెస్తారు, గుమ్మంలో నిలబడి, చెయ్యి బారగా చాచి బల్ల మీదికి జరుపుతారు. ఇందాక వెళ్లబోతూ ఆగి, "ఇంత హాయిగా ఉంటుందని ఆ రోజు సభలో మీరు చెబుతూనే ఉన్నారు సార్. మాకే అర్థం కాలేదు" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

బయట హాల్లో అందరూ పునుగులు తెప్పించుకుని తింటున్నారు. విశ్వపతి గారు స్టూలు మీద కాళ్లు ఊపుతూ ఏదో చెబుతుంటే పైడిరాజు పడీపడీ నవ్వుతున్నాడు. అందరూ కొత్తవాళ్లే, ఎవరికీ ఎవరి మీదా పెత్తనం లేదు. లేచి వెళ్లి వాళ్ల మధ్య కూర్చోవాలని నాకు ఎంతగా అనిపించిందో చెప్పలేను. అంతలో వీపు మధ్యన, చెయ్యి అందని చోట, ఒకటే దురద. కుర్చీకి వీపు గట్టిగా ఆనించి, అటూ ఇటూ ఒకసారి, రెండుసార్లు రుద్దుకున్నాను. ప్రాణం లేచి వచ్చింది.

వెంటనే ఆగిపోయాను. వంగి కుర్చీ కింద నేలంతా వెతికాను, ఏమైనా రాలిందేమోనని.